ఇయాన్ పేస్ డ్రమ్ సోలో ఎలా వినాలి: ‘ద మ్యూల్’ దాకా మెట్టు మెట్టుగా

రాక్ డ్రమ్మర్ల మాట వస్తే ఎప్పుడూ అవే పేర్లు. జాన్ బోనమ్, కీత్ మూన్, జింజర్ బేకర్, నీల్ పియర్ట్. వీళ్లందరి గురించీ గంటసేపు వాదించుకున్నాక ఎవరో ఒకరు “అన్నట్టు, డీప్ పర్పుల్‌లో వాయించేవాడు కూడా బాగా వాయిస్తాడు కదా” అంటారు. డీప్ పర్పుల్ అంటే ఇంగ్లండ్‌కి చెందిన హార్డ్ రాక్ బ్యాండ్. ఆ వాయించేవాడి పేరు ఇయాన్ పేస్. 1968లో బ్యాండ్ పుట్టినప్పుడు ఉన్నాడు, గాయకులు మారారు, గిటారిస్టులు మారారు, 1976లో బ్యాండే విడిపోయింది, 1984లో మళ్లీ కలిసింది, ఈ మొత్తంలో ప్రతి లైనప్‌లోనూ ఉన్న మనిషి ఆయన ఒక్కడే. అయినా డీప్ పర్పుల్ అనగానే జనానికి గుర్తొచ్చేది రిచీ బ్లాక్‌మోర్ గిటార్ రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ తిరిగొచ్చే చిన్న ముక్క), జాన్ లార్డ్ ఆర్గన్, గాయకుడు ఇయాన్ గిలన్ కేక. వెనకాల కూర్చున్నాయన మీదికి చూపు పోదు.

ఎందుకు పోదు అంటే నా లెక్కలో కారణం సింపుల్. మూన్ 1978లో పోయాడు, బోనమ్ 1980లో పోయాడు, ఇద్దరూ చిన్న వయసులోనే, ఇద్దరి చుట్టూ హోటల్ గదుల కథలూ తాగుడు కథలూ బోలెడు. పేస్‌కి అలాంటి కథలేమీ లేవు. కళ్లజోడు పెట్టుకుని కూర్చుంటాడు, టైముకి వస్తాడు, అద్భుతంగా వాయిస్తాడు, వెళ్లిపోతాడు. కథ లేనివాడి గురించి ఎవరు మాట్లాడతారు?

ఈ గైడ్ డ్రమ్స్ నేర్చుకునేవాళ్ల కోసం రాసింది కాదు, వినేవాళ్ల కోసం రాసింది. సోలో, అంటే మిగతావాళ్లు ఆగి డ్రమ్స్ ఒక్కటే మోగే భాగం, మొదలవగానే ఫోన్ తీసి ముందుకు జరిపేసే బ్యాచ్ ఉంటారు చూడండి, ముఖ్యంగా వాళ్ల కోసం. చివర్లో మనం చేరాల్సిన చోటు 1972 ఆగస్టు 17, టోక్యో బుడోకాన్, ‘మేడ్ ఇన్ జపాన్’ ఆల్బమ్‌లోని ‘ద మ్యూల్’. నేరుగా అక్కడికి వెళ్తే నష్టపోతారు, అందుకే దారి కొంచెం చుట్టు తిప్పుతున్నాను.

మొదటి మెట్టు: ఫోన్ స్పీకర్ ఆపేయండి

ఫోన్ స్పీకర్‌లో బాస్ డ్రమ్ వినపడదు. కింద ఉండే బరువంతా పోయి పైన టకటక మాత్రమే మిగులుతుంది, అప్పుడు ఎవరి సోలో అయినా రేకు డబ్బా మోతలాగే ఉంటుంది. ఖరీదైనవే కావాలని లేదు, మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు. ఈక్వలైజర్‌లో బాస్ పెంచే సెట్టింగ్ ఉంటే అది కూడా తీసేయండి, ఎందుకంటే పేస్ వాయించే స్నేర్ మీది చిన్న చిన్న దెబ్బలు ఆ బాస్ కింద మునిగిపోతాయి. అసలు సరుకంతా ఆ చిన్న దెబ్బల్లోనే ఉంది.

రెండో మెట్టు: ఏ చప్పుడు ఎక్కడిదో తెలియాలి

ఇది తెలిసినవాళ్లు దాటేయండి. కాలితో తొక్కితే వచ్చే బొద్దు శబ్దం బాస్ డ్రమ్, దాన్నే కిక్ అంటారు. మోకాళ్ల మధ్య ఉండే, కింద సన్నటి తీగలు బిగించిన, చట్‌మని పేలేది స్నేర్. రెండు తాళాలు ఒకదానిమీద ఒకటి పెట్టి కాలితో తెరిచి మూసేది హై-హ్యాట్, పాట పొడుగునా టిక్ టిక్ అంటూ లెక్క నడిపేది ఎక్కువగా అదే. గుండ్రంగా దొర్లినట్టు వినిపించేవి టామ్స్. విడి తాళాల్లో పొడుగ్గా మోగుతూ ఉండేది రైడ్, ఫెళ్లున విరిగి పడేది క్రాష్.

ఈ ఆరూ చెవికి విడివిడిగా దొరికితే చాలు. దొరకడం లేదంటే మీకు బాగా తెలిసిన ఏదైనా సినిమా పాట పెట్టుకుని, ఒక్క స్నేర్ మాత్రమే పట్టుకుని చివరిదాకా వెంబడించండి. పాట మాటలు మర్చిపోయేంత శ్రద్ధగా వినాలి. తర్వాత అదే పాటలో కిక్‌ని పట్టుకోండి. మొదట్లో విసుగనిపిస్తుంది కానీ చెవి చాలా త్వరగా అలవాటు పడుతుంది.

మూడో మెట్టు: ‘స్మోక్ ఆన్ ద వాటర్’లో రిఫ్ వినకండి

నవ్వొచ్చే సలహాలా ఉంటుంది. ప్రపంచంలో గిటార్ పట్టిన ప్రతి కుర్రాడూ మొదట వాయించే రిఫ్‌ని వినొద్దంటే ఎలా? కానీ వినొద్దనే అంటున్నాను. 1971 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లోని మాంట్రూలో ఫ్రాంక్ జాపా కచేరీ జరుగుతుండగా క్యాసినో తగలబడిపోయిన సంగతి మీద రాసిన పాట ఇది. అక్కడే రికార్డింగ్ చేద్దామని వచ్చిన డీప్ పర్పుల్‌కి చోటు లేకుండా పోయింది, చివరికి ఖాళీగా ఉన్న ఓ హోటల్ నడవాల్లో పరుపులు అడ్డం పెట్టుకుని ‘మెషీన్ హెడ్’ ఆల్బమ్ రికార్డు చేశారు.

సరే, పాట పెట్టండి. ముందు గిటార్ ఒంటరిగా వస్తుంది. తర్వాత హై-హ్యాట్ మెల్లగా దూరుతుంది, దాంతోపాటు ఆర్గన్. ఆ హై-హ్యాట్‌నే పట్టుకోండి. గిటార్ ఎంత బరువుగా అడుగులు వేస్తుంటే హై-హ్యాట్ అంత చురుగ్గా, వేళ్ల చివర్లతో వాయించినట్టు పరుగెడుతుంటుంది. తర్వాత మిగతా డ్రమ్స్, ఆ తర్వాత బాస్ గిటార్. నలుగురూ వచ్చేసరికి పాట కదలడం మొదలుపెడుతుంది. ఇప్పుడు మనసులో ఆ హై-హ్యాట్ తీసేసి ఊహించుకోండి. ఆ మహా రిఫ్ కాస్తా రోడ్డు రోలర్ అయిపోతుంది.

నాలుగో మెట్టు: ఊపు ఎక్కడిదో కనిపెట్టండి

ఈ గైడ్ మొత్తంలో ఒక్క మెట్టు మాత్రమే చదువుతానంటే ఇది చదవండి.

పేస్ 1948లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో పుట్టాడు. తండ్రి పియానో వాయించేవాడు, డ్యాన్స్ బ్యాండ్ ఉండేది. జంటలు చేతులు పట్టుకుని తిరుగుతూ ఆడే పాత తరం డ్యాన్సులకు వాయించే బ్యాండ్ అన్నమాట. పేస్ మొదటిసారి జనం ముందు వాయించింది ఆ బ్యాండ్‌లోనే. పైగా ఆయన అభిమానించింది జీన్ క్రూపా, బడ్డీ రిచ్ లాంటి బిగ్ బ్యాండ్ జాజ్ డ్రమ్మర్లని. అంటే హార్డ్ రాక్ చేతిలోకి రాకముందే చేతుల్లో స్వింగ్ ఉంది.

స్వింగ్ అంటే ఏమిటో పుస్తకాల్లో చదివితే బుర్ర తిరుగుతుంది గానీ కాస్త కర్ణాటక సంగీతం విన్న చెవికి ఒక్క నిమిషం పని. ఒక్కో దెబ్బనీ మూడుగా విడగొట్టండి, తిశ్రంలో లాగా: తకిట, తకిట, తకిట, తకిట. ఇప్పుడు ‘త’ పలకండి, ‘కి’ మింగేయండి, ‘ట’ పలకండి. త… ట, త… ట, త… ట. చేత్తో తొడ మీద కొట్టి చూడండి. కుంటుతున్నట్టు, ఊగుతున్నట్టు వస్తుంది కదా, రాక్‌లో దాన్ని షఫుల్ అంటారు. మింగేసిన ఆ ‘కి’ దగ్గరే మజా అంతా. దాన్ని ఎంతసేపు మింగాలి, వచ్చే ‘ట’ని ఎంత ఆలస్యంగా వదలాలి అన్నది ఒక్కో డ్రమ్మర్‌కి ఒక్కోలా ఉంటుంది, లెక్కకి అందేది కాదు.

ఇప్పుడు 1970లో వచ్చిన ‘బ్లాక్ నైట్’ పెట్టండి. బ్రిటన్ చార్టుల్లో రెండో స్థానం దాకా వెళ్లిన సింగిల్ అది. రిఫ్ మహా మామూలుగా ఉంటుంది, నిజం చెప్పాలంటే అంత గొప్ప పాటేమీ కాదు. కానీ డ్రమ్స్ వింటుంటే కాలు ఆగదు. తర్వాత ‘మెషీన్ హెడ్’లోని ‘లేజీ’. ముందు జాన్ లార్డ్ ఆర్గన్ చాలాసేపు తిరుగుతూ ఉంటుంది, తొందరపడకండి, డ్రమ్స్ వచ్చాక త… ట, త… ట అని తొడ మీద వేసుకుంటూ వెళ్లండి. పేస్ స్నేర్ మీద మీకు ఎక్కడెక్కడ ‘కి’ దొరుకుతుందో చూడండి, గట్టిగా కాదు, గుసగుసగా వేస్తాడు. డ్రమ్మర్లు వాటిని గోస్ట్ నోట్స్ అంటారు. గట్టి దెబ్బల మధ్యలో ఉన్నాయా లేవా అన్నట్టుండే మెత్తటి దెబ్బలు. అవి వినపడిన రోజున మీకు పేస్ సగం అర్థమైనట్టే.

హార్డ్ రాక్‌లో చాలామంది డ్రమ్మర్లు సుత్తితో మేకులు దిగ్గొట్టినట్టు వాయిస్తారు, అందులోనూ ఓ అందం ఉంది, కాదనను. కానీ అంత చెవులు పగిలే బ్యాండ్‌లో కూర్చుని స్వింగ్ వదలకుండా వాయించడం వేరే విద్య. సోలోలో ఆయన చేసేదంతా ఈ విద్య మీదే నిలబడి ఉంటుంది. అందుకే ముందు పాటలు వినమంటున్నాను. పాటలో ఆయన నడక తెలియకుండా సోలో వింటే వేగం తప్ప ఇంకేమీ వినపడదు, వేగం ఒక్కటే వినేవాళ్లకి రెండు నిమిషాల్లో బోర్ కొడుతుంది, అది వాళ్ల తప్పూ కాదు.

ఐదో మెట్టు: టేబుల్ మీద రోల్

చిన్న ప్రాక్టికల్. టేబుల్ ముందు కూర్చుని రెండు చేతుల చూపుడు వేళ్లతో కుడి-ఎడమ-కుడి-ఎడమ అని సమానంగా కొట్టండి. దీన్ని సింగిల్ స్ట్రోక్ రోల్ అంటారు. వేగం పెంచుతూ పొండి. ఒక చోట చేతులు బిగుసుకుపోతాయి, రెండు చేతుల శబ్దం రెండు రకాలుగా రావడం మొదలవుతుంది. ఇప్పుడు కుడి-కుడి-ఎడమ-ఎడమ అని కొట్టండి. ఇది డబుల్ స్ట్రోక్. స్టిక్‌తో అయితే రెండో దెబ్బ స్టిక్ ఎగిరి పడటం వల్ల దానంతటదే వస్తుంది, దాన్ని అదుపులో పెట్టడమే కష్టం.

ఈ కష్టం వేళ్లకి తెలిశాక పేస్ స్నేర్ రోల్ వినండి. దెబ్బకీ దెబ్బకీ తేడా ఉండదు, చీర అంచు లాగినట్టు ఒకే గీతగా సాగుతుంది, అంతలో ఆ గీత మధ్యలో ఎక్కడో ఒక దెబ్బని గట్టిగా మీటుతాడు, మళ్లీ గీతలో కలిపేస్తాడు. ఆ గట్టి దెబ్బలు మాత్రమే ఏరి వింటే వాటిల్లోనే వేరే తాళం నడుస్తుంటుంది. కింద ఒక పొర, పైన ఒక పొర.

ఆరో మెట్టు: ఫిల్స్ కోసం మూడు పాటలు

ఇది త్వరగా చెప్పేస్తాను. ఫిల్ అంటే పాటలో ఒక లైనుకీ ఇంకో లైనుకీ మధ్య డ్రమ్మర్ వేసే చిన్న దొర్లింపు.

‘పిక్చర్స్ ఆఫ్ హోమ్’, మళ్లీ ‘మెషీన్ హెడ్’లోదే. పాట మొదలయ్యేదే డ్రమ్స్‌తో. ఆ కొన్ని సెకన్లు వెనక్కి తిప్పి తిప్పి వినండి.

‘ఫైర్‌బాల్’, 1971. ఈ పాటకి రెండు బాస్ డ్రమ్ములు వాడాడు. మామూలుగా ఒక్క బాస్ డ్రమ్ మనిషి, అందుకే ఈ పాట ఆయన లెక్కలో ప్రత్యేకం. మొదట్లో వినపడే ‘హుష్’ శబ్దం డ్రమ్స్‌ది కాదు, స్టూడియోలో ఏసీ యంత్రం ఆన్ చేసిన చప్పుడు. ఇది చెప్తే చాలామంది నమ్మరు.

‘బర్న్’, 1974. గిలన్, బాస్ గిటారిస్టు రోజర్ గ్లోవర్ వెళ్లిపోయి గాయకుడు డేవిడ్ కవర్డేల్, బాస్ వాయించే గ్లెన్ హ్యూస్ వచ్చాక చేసిన ఆల్బమ్. గాయకుడు పాడుతుంటే డ్రమ్మర్ బుద్ధిగా బీట్ వేసుకోవాలన్నది లోకరీతి, ఇక్కడ పేస్ పల్లవికీ చరణానికీ తేడా లేకుండా పాట పొడుగునా ఫిల్స్ వేస్తూనే ఉంటాడు, అయినా పాట ఎక్కడా తూలదు. ఇంకెవరైనా ఇలా వాయిస్తే గాయకుడు కొట్టడానికి వచ్చేవాడు. పాటలోపలే సోలో వాయించడం అంటే ఏమిటో తెలియాలంటే నాకు తెలిసి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఏడో మెట్టు: ‘ద మ్యూల్’

ఇప్పుడు అసలు పని. ముందు 1971 ‘ఫైర్‌బాల్’ ఆల్బమ్‌లోని స్టూడియో ‘ద మ్యూల్’ ఒకసారి వినండి. ఐదు నిమిషాల పైచిలుకు ఉంటుంది, స్నేర్ మీద ఆగకుండా దొర్లే ఒక నమూనా పాట మొత్తాన్ని మోస్తుంటుంది. సోలో అక్కడ లేదు, కానీ విత్తనం అక్కడే ఉంది. ఆ దొర్లింపు చెవిలో ఉండగానే ‘మేడ్ ఇన్ జపాన్’కి వచ్చేయండి.

ఆ ఆల్బమ్ సంగతి రెండు ముక్కలు. 1972 ఆగస్టు 15, 16 ఒసాకాలో, 17 టోక్యోలో జరిగిన మూడు కచేరీల్లోంచి ఏరిన రికార్డింగ్ అది. ముందు జపాన్ కోసమే అనుకున్నారు, బ్యాండ్‌కి దాని మీద పెద్ద ఆసక్తి కూడా లేదు. రికార్డింగ్ ఇంజనీర్ మార్టిన్ బర్చ్. తర్వాత స్టూడియోలో అతుకులేమీ వేయలేదు, స్టేజీ మీద వాయించిందే మనం వింటున్నాం. మిక్సింగ్‌కి బ్యాండ్ నుంచి శ్రద్ధగా వచ్చి కూర్చున్నది రోజర్ గ్లోవర్, ఇంకొకరు మన పేస్. డ్రమ్స్ ఆ రికార్డులో అంత బాగా వినపడటానికి అదీ ఓ కారణమేమోనని నాకు అనుమానం. అప్పటికి పేస్ వయసు 24.

మొత్తం ట్రాక్ తొమ్మిదిన్నర నిమిషాలు. ముందు బ్యాండ్ అంతా కలిసి వాయిస్తుంది, తర్వాత తప్పుకుని డ్రమ్స్‌కి వదిలేస్తుంది, చివర్లో మళ్లీ వచ్చి కలుస్తుంది. మన మృదంగం తని ఆవర్తనం లాంటి ఏర్పాటే అనుకోండి, మిగతావాళ్లు చేతులు కట్టుకుని కూర్చుంటే లయ వాద్యం ఒక్కటే మాట్లాడుతుంది. ఒక తేడా ఉంది. తనిలో తాళం ఎక్కడా తెగదు, వినేవాళ్లు చేత్తో వేసుకుంటూ కూర్చుంటారు, రాక్ సోలోలో డ్రమ్మర్‌కి ఆ కట్టుబాటు లేదు, ఎక్కడ కావాలంటే అక్కడ తాళం వదిలేసి గాల్లోకి వెళ్లిపోవచ్చు.

నా సలహా ఏమిటంటే మీరు మాత్రం చెయ్యి వదలకండి. బ్యాండ్ తప్పుకునే ముందు నుంచే కాలితోనో చేత్తోనో లెక్క పట్టుకుని ఉండండి. పేస్ లెక్క చాలాసేపు మీ చేతిలోనే ఉంటుంది, కొన్ని చోట్ల జారిపోతుంది, జారినా కంగారు పడకుండా ఆగి మళ్లీ దొరికిన చోట పట్టుకోండి. జారిపోయి మళ్లీ దొరికే ఆ క్షణమే సోలో వినడంలో అసలు మజా.

ఒకేసారి అన్నీ వినాలని చూడకండి. విడతలుగా వినండి.

తొలిసారి ఊరికే వినండి, ఏమీ వెతకొద్దు. నచ్చకపోయినా పర్లేదు.

రెండోసారి ఒక్క స్నేర్ మాత్రమే. ఎప్పుడు మెత్తబడుతోంది, ఎప్పుడు బిగుస్తోంది. చాలామంది సోలోలు గట్టిగా మొదలై ఇంకా గట్టిగా ముగుస్తాయి. పేస్ అలా కాదు, గొంతు తగ్గించడం తెలిసిన మనిషి. శబ్దం పెంచేటప్పుడు కూడా అమాంతం పెంచడు, ఒక్కో మెట్టూ ఎక్కిస్తాడు, మీకు తెలియకుండానే ఊపిరి బిగబట్టి కూర్చుంటారు.

ఇంకోసారి కాళ్లు. చేతులు పైన పరుగెడుతుంటే కిక్ ఎక్కడ పడుతోంది? చేతుల మధ్యలో దూరి మూడో చెయ్యిలా పనిచేస్తుంటుంది. చెయ్యి-చెయ్యి-కాలు, చెయ్యి-చెయ్యి-కాలు అనే తకిట నమూనాలు దొరుకుతాయి. నాలుగో మెట్టులో తొడ మీద కొట్టుకున్న మూడు ముక్కలే ఇవి, కాకపోతే ఇక్కడ ‘కి’ని మింగడు, మూడూ పలికిస్తాడు, అదీ వేగంగా.

మరోసారి ఖాళీలు. దెబ్బలు కాకుండా దెబ్బల మధ్య విరామాలు వినండి. ఇది చెప్పడం తేలిక, చేయడం కష్టం, చెవి ఎప్పుడూ చప్పుడు వెనకే పోతుంది. కానీ సోలోలో వాక్యాలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తున్నాయో తెలిసేది ఇక్కడే.

ఆఖరున, బ్యాండ్ తిరిగి వచ్చే చోటు. అంతసేపు ఒంటరిగా తిరిగి వచ్చాక మిగతా నలుగురిని మళ్లీ ఎలా లోపలికి పిలుస్తాడో వినండి. రెండోసారికే అది ఎప్పుడొస్తుందో మీకు తెలిసిపోతుంది, అయినా ప్రతిసారీ ఒళ్లు ఝల్లుమంటుంది, నాకైతే అంతే.

ఎనిమిదో మెట్టు: ఇప్పుడు కళ్లతో

విన్నాకే వీడియో చూడండి, ముందు చూస్తే చెవి బద్ధకిస్తుంది.

మొదట 1972 మార్చిలో కోపెన్‌హాగెన్‌లో తీసిన నలుపు-తెలుపు కచేరీ. అందులోనూ ‘ద మ్యూల్’ ఉంది, జపాన్‌కి కొన్ని నెలల ముందుది కాబట్టి పోల్చుకోవడానికి బాగుంటుంది. చూడగానే ఏదో తేడా అనిపిస్తుంది. పేస్ ఎడమ చేతివాటం. డ్రమ్స్ అన్నీ అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంటాయి, మామూలుగా మనకి కుడివైపు కనపడే హై-హ్యాట్ ఎడమవైపు ఉంటుంది, టామ్స్ మీద దొర్లింపు మనకి ఎడమ నుంచి కుడికి సాగుతుంది.

తర్వాత 1974 ఏప్రిల్ 6 కాలిఫోర్నియా జామ్. బ్లాక్‌మోర్ గిటార్‌తో కెమెరాని పొడిచి, యాంప్లిఫయర్లు పేల్చేసిన కచేరీగా అందరికీ గుర్తు. ఆ గొడవకి ముందు ‘యూ ఫూల్ నో వన్’ ఉంటుంది, దాని లోపల పేస్ సోలో ఉంటుంది, దాని దగ్గర ఆగండి. ఆ రోజుల్లో ఆయన పేరు మోసిన విద్య ఒంటిచేతి రోల్. రెండు చేతులతో చేసేవాళ్లకే చెమటలు పట్టే స్నేర్ రోల్‌ని ఒక్క చేత్తో, మణికట్టూ వేళ్లూ కలిపి స్టిక్‌ని వణికించి లాగుతాడు, రెండో చెయ్యి ఖాళీ. సర్కస్ అనుకోవచ్చు, కొంత సర్కసే, జనం కేకలు వేసేదీ అందుకే. కానీ కళ్లు మూసుకుని విన్నా ఆ రోల్ సమానంగానే ఉంటుంది, సర్కస్‌కీ సంగీతానికీ తేడా అక్కడ తెలుస్తుంది. భుజాలు కూడా గమనించండి. అంత వేగంలోనూ భుజాలు బిగుసుకోవు.

అన్నట్టు ‘యూ ఫూల్ నో వన్’ స్టూడియో వెర్షన్ కూడా వదలకండి. కౌబెల్ అనే చిన్న ఇనుప గంట మీద పాట పొడుగునా వాయించే నమూనా ఉంది, విన్నంత తేలిక కాదు. డ్రమ్స్ వాయించే ఫ్రెండ్ ఉంటే అది వాయించి చూపించమనండి, మాట మార్చేస్తాడు.

తొమ్మిదో మెట్టు: పక్కన పెట్టి పోల్చండి

పేస్ ఏమిటో తెలియాలంటే మిగతావాళ్లు కూడా తెలియాలి. వరసగా వినండి: జింజర్ బేకర్ ‘టోడ్’, క్రీమ్ 1968 ఆల్బమ్ ‘వీల్స్ ఆఫ్ ఫైర్’లోని లైవ్ వెర్షన్. బోనమ్ ‘మోబీ డిక్’, స్టిక్స్ పక్కన పడేసి ఒట్టి చేతులతో వాయించే మనిషి. ఐరన్ బటర్‌ఫ్లై 1968 పాట ‘ఇన్-ఎ-గడా-ద-విడా’లో రాన్ బుషీ సోలో, టెక్నిక్ పరంగా చాలా తేలిక, మూడ్ పరంగా గట్టిది. శాంటానా బ్యాండ్‌లో మైకేల్ ష్రీవ్, 1969 ఆగస్టు వుడ్‌స్టాక్, ‘సోల్ శాక్రిఫైస్’. అప్పటికి ఆ కుర్రాడికి 20 ఏళ్లు. ష్రీవ్‌ది కూడా తక్కువ మాట్లాడుకునే పేరే, ఆయన మీద వేరే గైడ్ రాయొచ్చు.

నా తీర్పు చెప్పేస్తాను, ఒప్పుకోకపోయినా పర్లేదు. బరువు కావాలంటే బోనమ్. ఒక ఆలోచన పట్టుకుని ఓపిగ్గా పెంచడం కావాలంటే బేకర్, కాకపోతే ఓపిక మనకీ ఉండాలి. ఉత్సాహం కావాలంటే ష్రీవ్. వేగంలోనూ తేలిగ్గా ఉండటం, ఎంత దూరం పోయినా ఊపు చెడకపోవడం కావాలంటే పేస్. బోనమ్ లైవ్ సోలోలు ఇరవై నిమిషాలు దాటినప్పుడు, అభిమానులు క్షమించాలి, నేను గడియారం చూసుకున్న సందర్భాలున్నాయి. టోక్యో ‘మ్యూల్’లో ఆ అవసరం రాలేదు.

సోలో అంటేనే పడదు అనేవాళ్లకి

అలాంటివాళ్లూ ఉంటారు, బలవంతం చేయకండి. వాళ్లకి అడ్డదారి ఉంది. 1969 సెప్టెంబరులో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో డీప్ పర్పుల్, రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా కలిసి జాన్ లార్డ్ రాసిన కాన్‌చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే పెద్ద రచన) వాయించారు, మాల్కమ్ ఆర్నాల్డ్ కండక్టర్. మూడో భాగంలో పేస్‌కి సోలో ఉంది. చుట్టూ వయొలిన్లూ బాకాలూ ఉండటంతో సోలో ఒక పెద్ద కథలో చిన్న మలుపులా వచ్చి పోతుంది, డ్రమ్స్ అంటే పడనివాళ్లు కూడా తట్టుకుంటారు. అదే ఏడాది వచ్చిన ‘చేజింగ్ షాడోస్’ ఇంకో దారి, సోలో కాదు గానీ పాట మొత్తం డ్రమ్స్ మీదే నడుస్తుంది.

పదో మెట్టు: సోలో లేని పేస్

డీప్ పర్పుల్ విడిపోయిన కాలంలో ఆయన ఊరికే కూర్చోలేదు. జాన్ లార్డ్, టోనీ ఆష్టన్‌లతో కలిసి ఒక బ్యాండ్, 1977లో దాని ఒకే ఒక్క ఆల్బమ్. తర్వాత కవర్డేల్ బ్యాండ్ వైట్‌స్నేక్, ఆ తర్వాత గిటారిస్టు గ్యారీ మూర్‌తో ‘కారిడార్స్ ఆఫ్ పవర్’ ఆల్బమ్. ఇవన్నీ వినాలని లేదు, గ్యారీ మూర్‌ది ఒకటి వింటే చాలు.

తప్పకుండా వినాల్సింది మాత్రం 1999లోది. బీటిల్స్ బ్యాండ్ పాల్ మెకార్ట్‌నీ తన చిన్నప్పటి రాక్ అండ్ రోల్ పాటలతో ‘రన్ డెవిల్ రన్’ అనే ఆల్బమ్ చేశాడు, డ్రమ్స్‌కి పిలిచినవాళ్లలో పేస్ ఒకడు. ఆ డిసెంబరులో లివర్‌పూల్‌లోని కావెర్న్ క్లబ్‌లో మెకార్ట్‌నీ చేసిన కచేరీలో డేవిడ్ గిల్మర్ గిటార్, పేస్ డ్రమ్స్. వీడియో ఉంది. చిన్న గది, చిన్న డ్రమ్ సెట్, మూడేసి నిమిషాల పాటలు, సోలోలు లేవు, ఒంటిచేతి విద్యలు లేవు. త… ట, త… ట అని తొడ మీద వేసుకుంటూ చూడండి, షఫుల్ పాట వచ్చినప్పుడు మెకార్ట్‌నీ మీద నుంచి కళ్లు తిప్పి పేస్ స్నేర్ చెయ్యి ఏం చేస్తుందో గమనించండి.